కంప్యూటరుకు గృహప్రవేశం చేయించిన ఉరుకుందప్ప మాస్టారు

కోడుమూరు ఉరుకుందప్ప మాస్టారు కన్నుమూశారన్న వార్త చేరేసరికి నా ముఖానికి సగమే రంగు పడి ఉంది. ఒంటిమిట్ట దగ్గర ఒక ఊళ్ళో నాటకం. వేరే నాటక సమాజం వాళ్ళు ద్రౌపది వేషానికి పిలిస్తే వెళ్ళాను. కుడి చెంప పూర్తయింది, ఎడమ చెంప మొదలు కావాలి. అంతలో మా సమాజంలో కృష్ణుడి వేషం కట్టే మద్దిలేటన్న ఫోన్ చేశాడు. "సులోచనమ్మా, మాస్టర్ పోయినాడు మ్మా" అన్నాడు.  పిడుగు మీద పడితే ఎలా ఉంటుందో పద్యాల్లో చాలాసార్లు పాడాను గానీ, అది ఇలా ఉంటుందని ఆ పూటే తెలిసింది.

నేను ఏడుపు మొదలుపెట్టగానే రంగు వేసే పెద్దాయన కుంచె పక్కన పెట్టి, "ఇప్పుడేడిస్తే రంగంతా కారుతాది మ్మా. సభలో సీను వస్తాది కద, ఆడ ఎట్లయినా ఏడవల్ల. అంతదాకా పట్టుకో" అన్నాడు. పట్టుకున్నాను. ఆ సీనులో నిజంగా ఏడ్చాను. జనం వన్స్ మోర్ అన్నారు. మళ్ళీ ఏడ్చాను. మాస్టారే అక్కడ ఉండి ఉంటే, "ఏడుపు బాగుండాది గానీ రెండో పాదంలో శ్రుతి జారింది మ్మే" అని ఉండేవారు.

ఆయనను ఎరిగినవారికి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ఎరగనివారు ఎరగవలసిన మనిషి కాబట్టి రాస్తున్నాను. మా కర్నూలు సీమలో జాతరకు పద్యనాటకం ఆడకపోతే దేవుడికి కూడా నిద్ర పట్టదు. ఉల్లిగడ్డల వ్యాపారి కిరీటం పెట్టుకుని కృష్ణుడవుతాడు, ట్రాక్టరు నడిపేవాడు గద పట్టుకుని భీముడవుతాడు. వాళ్ళకు పద్యం నేర్పేది, రాగం కట్టేది, స్టేజీ పక్కన కూర్చుని శ్రుతి అందించేది, మాట మరిచిపోతే గొణిగి గుర్తుచేసేది అన్నీ హార్మోనియం మాస్టరే. కోడుమూరు మొదలుకుని నందికొట్కూరు దాకా ఆయన చేత తిట్లు తినని కృష్ణుడు లేడు.

తిట్లు అన్నాను గానీ, ఆయన నోటితో తిట్టడం నేను వినలేదు. సన్నటి మనిషి, సన్నటి గొంతు. మే నెల ఎండలో కూడా చొక్కా మెడగుండీ తీసేవారు కాదు. శిష్యుడు శ్రుతి తప్పితే హార్మోనియం తిత్తి మూసేసి, తలెత్తి పైనున్న ఫ్యాను వైపు చూసేవారు. అంతే. ఆ చూపు కంటే చెంపదెబ్బ నయమని మద్దిలేటన్న అనేవాడు. కొత్తగా చేరినవాళ్ళు ఫ్యాను చెడిపోయిందేమోననుకుని స్విచ్చి వేయడానికి లేచేవారు.

నేను పగటిపూట కోడుమూరులో జిరాక్సు, ఆన్‌లైన్ సెంటరు నడుపుకుంటాను. పిలుపు వస్తే ద్రౌపదినీ సత్యభామనూ అవుతాను. ఆయన శిష్యులలో కంప్యూటరు ముట్టుకునేది నేనొక్కదాన్నే. కాబట్టి ఇప్పుడు చెప్పబోయే ఆపద నా చేతుల మీదుగానే జరిగింది.

మాస్టారి గురువు గారు సుంకన్న గారని నందికొట్కూరులో ఉండేవారు. మాస్టారు యువకుడిగా ఉన్నప్పుడే ఆయన స్వర్గస్థులయ్యారు. ఇంట్లో కూర్చుని పాడుకున్న పద్యాలు కొన్ని క్యాసెట్లలో మిగిలాయి. వెనక కోళ్ళ అరుపులు, గిన్నెల చప్పుడు కూడా వినిపించే రికార్డింగులవి. క్యాసెట్లకు బూజు పట్టడం మొదలయ్యాక, కోడుమూరులో అప్పట్లో నడిచిన ఒక నెట్ సెంటరులో వాటిని కంప్యూటరులోకి ఎక్కించారు. ఆ సెంటరు మూతపడినప్పుడు మాస్టారు ఆ కంప్యూటరునే ఇంటికి తెచ్చుకున్నారు. "మా గురువు ఉండే ఇల్లు కద మ్మే, ఇంగొకరికి ఎట్ల ఇడిసిపెట్టేది?" అన్నారు. ఈలోగా క్యాసెట్లను బూజు పూర్తిగా తినేసింది. ఆ మహానుభావుడి గొంతు లోకంలో ఇంకెక్కడా లేదు, ఆ పెట్టెలో తప్ప.

ఆ గొంతును ఏమని వర్ణించను! మేఘగంభీరం, మందరపర్వత మథనధ్వని అని సభల్లో మాస్టారే వర్ణించేవారు. పద్యం ఎత్తుకుంటే బావిలో నుంచి ఏనుగు పిలిచినట్టుండేది. మేమంతా ఆ గొంతు విని నేర్చుకున్నవాళ్ళమే. కళ్ళు మూసుకుని ఒక పాదం వినడం, అది పాడటం, మళ్ళీ వినడం. ఆ కంప్యూటరులో సినిమా పాటకు ప్రవేశం లేదు. పెళ్ళి వీడియో చూస్తామని పక్కింటివాళ్ళు అడిగినా, "గురువున్న తావు, ఈడ అట్లాంటివి పెట్టకూడదు" అని పంపించేసేవారు.

ఏటా గురువుగారి తిథి నాడు మాస్టారు ఆ కంప్యూటరును ఆటోలో ఎక్కించుకుని నందికొట్కూరు వెళ్ళేవారు. గురువుగారి కూతురు నరసక్కకు తండ్రి గొంతు వినిపించాలి. పెట్టెను కాళ్ళ దగ్గర పెట్టుకుని, మానిటరును చంటిబిడ్డలాగా ఒళ్ళో పెట్టుకుని, ఎండ తగలకుండా పైన తువ్వాలు కప్పేవారు. కర్నూలు దాటేటప్పుడు ఎవరో ఒకరు "టీవీ రిపేరా మాస్టర్?" అని అడగడం, ఈయన ముఖం తిప్పుకోవడం ఏటేటా జరిగేదే.

ఆయన గురుభక్తికి ఇంకొక నిదర్శనం చెబుతాను. కంప్యూటరు ఇంటికి వచ్చిన కొత్తలో గురువుగారి పద్యంతో పాటు హార్మోనియం వాయించి చూస్తే రెండూ కలవలేదు. గురువుగారి శ్రుతి కొంచెం కిందికి ఉంది. సరిగ్గా ఏ మెట్టుకూ అందకుండా, రెండు మెట్ల నడుమ ఎక్కడో ఉంది. మరొకరైతే ఏదో తేడా ఉందిలే అనుకుంటారు. ఈయన హార్మోనియం నెత్తిన పెట్టుకుని కర్నూలు పాతూరులో ఆ పెట్టెలు బాగుచేసే మస్తాన్ సాబ్ దగ్గరికి వెళ్ళి, లోపల పలికే ఇత్తడి రీడ్లన్నీ గీకి శ్రుతి దించమన్నారు.

"అరే మాస్టర్ సాబ్, పెట్టె బరాబర్ ఉండాది. బంగారం మాదిరి పలుకుతాది. దీన్ని గీకితే నాకు పాపం తగుల్తాది" అన్నాడట సాబ్.

"పాపం నాకే తగల్నీ సాబ్. మా గురువు శ్రుతి తప్పు పాడినాడని నా నోటితో ఎట్లనేది? గీకు."

గీకాడు. అప్పటి నుంచి మా మాస్టారి హార్మోనియం రాయలసీమలో మరే వాద్యంతోనూ కలవలేదు. కడప నుంచి ఒక క్లారినెట్ ఆయన మా నాటకానికి వచ్చి, మొదటి పద్యం కాగానే కడుపునొప్పి అని బస్సెక్కాడు. మాకు మాత్రం ప్రాణం సుఖంగా ఉండేది. శ్రుతి కిందికి ఉంటే పాడటం సులువు. అది మా సాధన మహిమ అనుకున్నాం. నా ఒక్కదానికే, ఆడగొంతు కాబట్టి, పద్యం పాడినప్పుడల్లా నేలమాళిగలోకి దిగి పాడుతున్నట్టుండేది. ఆ మాట గురువు ముందు అనే ధైర్యం ఎవరికుంది?

కాలక్రమాన ఆ కంప్యూటరుకు వార్ధక్యం వచ్చింది. లోపల గడియారం బ్యాటరీ చచ్చిపోయి, ఎప్పుడు పెట్టినా ఏదో పాత సంవత్సరం జనవరి ఒకటో తేదీ చూపించేది. మాస్టారు దాన్ని తప్పుగా ఎన్నడూ భావించలేదు. పొద్దున్నే పెట్టెకు నమస్కారం చేసి, పక్కనున్నవాళ్ళకు "కొత్త సంవత్సరం" అని బెల్లంముక్క చేతిలో పెట్టేవారు. ఒకరోజు గురువుగారు రాగం మధ్యలో ఉండగా పెట్టె కీచుమని ఆగిపోయింది. తిరిగి నడిపించేసరికి నాకు చెమటలు పట్టాయి. ఇంకొకసారి ఆగితే ఆ గొంతు మళ్ళీ రాదు. అది ఆయనకూ తెలిసింది. శిష్యులందరం కలిసి కొత్త కంప్యూటరు తెచ్చి, ఫైళ్ళు మారుద్దామని ఒప్పించాం.

ఒప్పుకున్నారు గానీ, ముహూర్తం చూడాలన్నారు. గురువు ఇల్లు మారుతున్నప్పుడు గృహప్రవేశం చేయకుండా ఎలా అన్నారు. మంగళవారం వద్దన్నారు, అమావాస్య దాటాలన్నారు. చివరికి ఒక పొద్దున కొత్త కంప్యూటరుకు పసుపు రాసి, గుమ్మానికి కట్టినట్టు మానిటరుకు మామిడాకులు కట్టారు. ఆయన భార్య ఓబులమ్మ గారు కరెంటు పొయ్యి తెచ్చి కంప్యూటరు పక్కనే పాలు పొంగించారు. "నా పెండ్లికి గూడ ఇన్ని తిథులు చూడలేదు మ్మా ఈయప్ప" అని నా చెవిలో గొణిగారు. పాలు కీబోర్డు మీదికి పొంగకుండా చూసుకోవడం నా వంతయింది.

"కాపీ చేస్తాండా సార్. ఆడా ఉంటాది, ఈడా ఉంటాది" అన్నాను.

"మనిషి రెండిండ్లల్లో ఎట్లుంటాడు మ్మే? సగం మనిషిని పాతింట్లో ఇడిసిపెట్టి వస్తారా ఎవురన్నా?"

"అట్లయితే కట్ చేయల్ల."

"శుభమా అని ఇల్లు మారుతాంటే కట్ అంటావేం మ్మే! నోటికి మంచి మాట రాదా?"

మెల్లగా పిలుచుకుని వస్తాండా సార్ అన్నాను. శాంతించారు. మొదట దేవుడి పటం రావాలి. వచ్చింది. తర్వాత గురువుగారు. కొత్త తెర మీద ఆయన ఫోల్డరును ఈశాన్య మూల పెట్టించారు. చెత్తబుట్ట బొమ్మను చూపించి ఇదేమని అడిగారు. పారేసినవి ఉండే బుట్ట అన్నాను. పాత చీపురు, పాత చేట కొత్తింటికి తేకూడదు, దాన్ని అక్కడే వదిలేయమన్నారు. అక్షరాల సైజు, వెనకాల బొమ్మ, బాణం గుర్తు లావు, అన్నీ పాతదానిలో ఉన్నట్టే పెట్టించారు. తేదీ కూడా జనవరి ఒకటే పెట్టమంటే మాత్రం నేను ఒప్పుకోలేదు. దీనికి నిజం తేదీ తెలుసు సార్ అన్నాను. "దానికేం తెలుసు మ్మే, నిన్న పుట్టింది" అన్నారు. కంటికి కనిపించే ప్రతి సెట్టింగునూ మార్చాం. కనిపించనిది ఒకటుందని మా ఎవరికీ తోచలేదు.

పాత కంప్యూటరుకు సన్మానం జరిగింది. శాలువా కప్పాం, టెంకాయ కొట్టాం. ఈ పెట్టె లేకపోతే నేను కృష్ణుణ్ణి కాను, మండీలో ఉల్లిగడ్డలమ్మేటోణ్ణి అని మద్దిలేటన్న ప్రసంగించాడు. ఆ శాలువాతోనే చుట్టి దాన్ని అటక మీదికి ఎక్కించాం. తర్వాత అందరం కింద చాప మీద కూర్చున్నాం. మాస్టారు చేతులు జోడించారు. నేను గురువుగారి పద్యం మీద నొక్కాను.

ఒక సన్నటి, చురుకైన గొంతు గబగబా పద్యం ఎత్తుకుంది. మేఘం లేదు, మందరపర్వతం లేదు. చేలో కూలివాళ్ళను గట్టు మీది నుంచి పిలిచే మనిషి గొంతులా ఉంది. మాస్టారు జోడించిన చేతులు అలాగే ఉంచి అడిగారు.

"ఎవురీయన?"

 మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. మద్దిలేటన్న ఆ గొంతుతో కలిసి పాడబోయి, మూడో పాదం దగ్గర దగ్గు వచ్చి ఆగిపోయాడు. మాస్టారు చాలాసేపు ఫ్యాను వైపు చూశారు. తర్వాత నా వైపు తిరిగి, "ఇల్లు మార్చమంటే మనిషినే మారిస్తివి కద మ్మే" అన్నారు. ఆ మాట ఈటెలా తగిలింది. ఆయన నన్ను నొప్పించిన మాట జీవితం మొత్తంలో అదొక్కటే.

ఆ రోజు నుంచి మాస్టారు హార్మోనియం ముట్టలేదు. గడప పక్కన అరుగు మీద గడ్డం పెంచుకుని కూర్చున్నారు. దారిన పోయేవాళ్ళు ఎవరు పోయారని పలకరించేవారు.

"మా గురువు" అనేవారు ఈయన.

"ఆయప్ప శానా ఏండ్ల కిందటే పాయె కద మాస్టర్?"

"మళ్ళా పాయె."

నవ్వు వచ్చే మాటే. కానీ ఆ అరుగు మీద ఆయనను చూసినవాళ్ళెవరికీ నవ్వు రాలేదు. అన్నం సగం వదిలేస్తున్నారని ఓబులమ్మ గారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. జాతర దగ్గరపడుతోంది. గురువు గొంతు లేనిదే పాఠం లేదు, పాఠం లేనిదే నాటకం లేదు. అటక మీది పాత కంప్యూటరును దించి, శాలువా విప్పి, స్విచ్చి వేశాం. ఉలకలేదు, పలకలేదు. సన్మానం అయ్యాక మళ్ళీ పనిలోకి దిగిన పెద్దమనిషిని నేనింతవరకూ చూడలేదు. అదీ దిగలేదు.

నేను సెంటరు మూసి ఆ ఫైళ్ళతో కుస్తీ పట్టాను. తెలిసినవాళ్ళనల్లా అడిగాను. చివరికి సంగతి తేలింది. పాత కంప్యూటరులో శబ్దం సెట్టింగు ఒకటి మొదటి నుంచీ తప్పుగా ఉంది. దానివల్ల అందులో ఏది పెట్టినా ఉండవలసిన దానికంటే కొంచెం నెమ్మదిగా, కొంచెం బొంగురుగా పలికేది. ఒక్క సినిమా పాట పెట్టనిచ్చి ఉంటే మొదటిరోజే తెలిసిపోయేది. కొత్తదానిలో ఆ తప్పు లేదు. పద్యాన్ని కావాలని అంతే నెమ్మది చేసి చూశాను. బావిలో ఏనుగు వచ్చేసింది.

దాన్ని వినిపించగానే మాస్టారు అరుగు మీద నుంచి లేచి, రెండు చేతులతో నా తల పట్టుకుని, "బతికిస్తివి మ్మే! మా గురువును బతికిస్తివి!" అన్నారు. అక్కడితో నోరు మూసుకుని ఉంటే అందరికీ సుఖమే. కానీ నాకు అబద్ధం స్టేజీ మీద ఆడటమే వచ్చు. ఉన్నది చెప్పేశాను. ఆయన ముఖం రంగు మారింది.

"అంటే, మా గురువు గొంతు నాకు తెలీదంటావు. నేను కాళ్ళు పట్టిన మనిషి గొంతు నాకు తెలీదు. నీకూ నీ మిషనుకూ తెలుసు."

"మీరే చెప్పండి సార్. మీరు చిన్నప్పుడు ఇన్నప్పుడు ఎట్లుండె?"

మాస్టారు పెరిగిన గడ్డం నిమురుకున్నారు. తర్వాత నిదానంగా అన్నారు. "ఏండ్లు గడిచేకొద్దీ గురువు గొంతు చెవిలో పెద్దదయితా పోతాది మ్మే. ఎంతుండెనో ఇప్పుడెట్ల చెప్పేది? పద, నరసక్కను అడుగుదాం."

ఈసారి మానిటరు లేదు. రెండు రకాల పద్యాలనూ నా ఫోన్‌లో వేసుకుని వెళ్ళాం. అయినా మాస్టారు దారి పొడవునా ఆ ఫోన్‌ను ఒళ్ళో రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నారు. నరసక్క ఇంటి ముందు కూర్చుని ఒడిలో వేరుశనగ బుడ్డలు పోసుకుని వలుస్తోంది. మొదట బొంగురు గొంతు వినిపించాం. వలవడం ఆపకుండానే, "ఇది నువ్వు ఏటా ఇనిపించేదే కద నాయనా. బాగుండాది" అంది. రెండోది పెట్టాం.

బుడ్డ ఆమె వేళ్ళ మధ్యే ఉండిపోయింది. పద్యం అయిపోయింది. ఆ రికార్డింగులో పద్యం తర్వాత సుంకన్న గారు దగ్గి, ఇంట్లోకి తిరిగి, "పాపా, నీళ్ళు తీస్కరా" అంటారు. మేము వందలసార్లు విన్న మాటే. నరసక్క "తెస్తాండా నాయనా" అని లేచింది. ఒడిలో బుడ్డలన్నీ నేలపాలయ్యాయి. గడప దాకా వెళ్ళి, ఆగి, వెనక్కి తిరిగి మమ్మల్ని చూసి సిగ్గుపడింది. "ముసిలిదాన్నయితి, మతి ఉండల్ల కద" అంటూ కింద కూర్చుని బుడ్డలు ఏరసాగింది.

మాస్టారు కూడా కింద కూర్చుని ఆమెతో పాటు ఏరారు. కొంతసేపటికి అడిగారు. "అక్కా, ఇన్నేండ్లూ ఏంటికి చెప్పకపోతివి?"

"ఏం చెప్పేది నాయనా? అంత దూరం నుంచి ఆ టీవీని ఒళ్ళో పెట్టుకోని వస్తాంటివి. ఇది మా నాయన గొంతు కాదంటే నీ మనసేమయితాది? పడిశం పట్టినప్పుడు పాడినాడేమోలే అనుకుంటి."

తిరుగు ప్రయాణంలో కర్నూలు దాకా మాస్టారు ఆ ఫోన్‌ను ఒళ్ళోనే పట్టుకుని కూర్చున్నారు. కొండారెడ్డి బురుజు కనిపించేసరికి ఉన్నట్టుండి, "మ్మే, నేను ఇన్నాళ్ళూ గురువును పూజిస్తాండా అనుకుంటి. పడిశాన్ని పూజిస్తాండా" అని నవ్వడం మొదలుపెట్టారు. ఆటోవాడు భయపడి బండి పక్కకు తీశాడు. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వి, మళ్ళీ తుడుచుకున్నారు. ఏది నవ్వు నీరో ఏది కాదో నేను చెప్పలేను. అంత వయసులో తాను కట్టుకున్నది కూలిపోతే అలా నవ్వగలిగిన మనిషిని మళ్ళీ చూడబోను.

మాస్టారి గొప్పదనమంతా ఆ తర్వాత తెలిసింది. సమాజం వాళ్ళమంతా కూర్చున్నాం. ఇకనుంచి సుంకన్న గారి అసలు శ్రుతిలోనే పాడాలా, పాత శ్రుతిలోనా? మద్దిలేటన్న చేతులు జోడించాడు. "సార్, ఆ ఎత్తుకు పోతే నా గొంతు గొంతులో ఉండదు. రేప్పొద్దున మండీలో ఉల్లిగడ్డల రేటు చెప్పడానికి గూడ పనికిరాను." నేను ఊరుకోలేదు. "నాకు ఇప్పుడే ఊపిరాడుతాంది సార్. మళ్ళా నేలమాళిగలోకి నేను దిగను" అన్నాను. "నువ్వు దిగు" అని అతను, "నువ్వెక్కన్నా" అని నేను. కృష్ణుడూ ద్రౌపదీ అంతగా పోట్లాడుకోవడం ఏ పురాణంలోనూ ఉండదు.

మాస్టారు తీర్పు చెప్పలేదు. గీకిన హార్మోనియం తీసుకుని మస్తాన్ సాబ్ దగ్గరికి వెళ్ళి శ్రుతి ఎత్తమన్నారు. నేను ముందే చెప్పలేదా అని సాబ్ అనలేదు. టీ తెప్పించాడు. "గీకి గీకి రీడ్లు ఆకులైనాయి మాస్టర్ సాబ్. ఇంగ గీకేదానికి లోపల ఏం లేదు. దీన్ని ఇట్లనే బతకనీ, ఇంగో పెట్టె తీస్కో" అన్నాడు. అలా ఆయనకు రెండు హార్మోనియాలయ్యాయి. ఒకటి పడిశం పట్టినది, ఒకటి ఆరోగ్యంగా ఉన్నది.

ఆ జాతర నాటకం చూసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెండు పెట్టెలు ఎదురెదురుగా పెట్టుకుని మాస్టారు నడుమ కూర్చున్నారు. కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే అటు తిరగాలి, ద్రౌపది అందుకుంటే ఇటు తిరగాలి. మేమిద్దరం మాటకు మాట పద్యాలు పాడుకునే సీను ఒకటుంది. అక్కడ ఆయన పెరుగు చిలికినట్టు తిరిగారు. ముందు వరుసలో పెద్దలు స్టేజీని వదిలేసి ఆయననే చూశారు. సీను కాగానే వన్స్ మోర్ అని కేకలు పడ్డాయి. మాస్టారు మమ్మల్ని జాలిగా చూసి, మళ్ళీ తిరిగారు. మర్నాడు నడుముకు పట్టీ వేశారు. ఒక శిష్యుడు సెలూన్‌లో తీసేసిన తిరిగే కుర్చీ తెచ్చిచ్చాక ఆ కష్టం తీరింది. ఇంత తిప్పలు ఎందుకు సార్, ఎవరో ఒకరిని ఒప్పించవచ్చు కదా అంటే, "పాడేటోని కాడికి పెట్టె పోవల్ల మ్మే. పెట్టె కాడికి పాడేటోణ్ణి ఈడ్చుకోని రాకూడదు" అన్నారు. సుంకన్న గారి అసలు గొంతును మాత్రం కొత్త కంప్యూటరులో ఉన్నదున్నట్టే ఉంచుకుని, పాఠానికి కాకుండా తన కోసం వినేవారు.

పోయింది కూడా అలా వింటూనే. మధ్యాహ్నం భోంచేసి, తిరిగే కుర్చీలో కూర్చుని గురువుగారి పద్యం పెట్టుకున్నారట. ఓబులమ్మ గారు వచ్చి చూసేసరికి పద్యం అయిపోయింది, ఈయన కళ్ళు తెరవలేదు. అనాయాస మరణమన్నారు అందరూ. ఆయనకు అనాయాసమే. మాకు కాదు.

దినాల రోజు శిష్యులమంతా చేరాం. నందికొట్కూరు నుంచి నరసక్కను కూడా పిలుచుకొచ్చారు. నాదబ్రహ్మోపాసకుడైన ఆ మహనీయుడికి పద్యంతోనే నివాళి ఇవ్వాలని, ఆయన అందరికీ మొట్టమొదట నేర్పే పద్యాన్నే అందరం కలిసి పాడాలని అనుకున్నాం. పటం ముందు నిలబడ్డాం. పటానికి అటొకటి ఇటొకటి రెండు హార్మోనియాలు. మద్దిలేటన్న తన శ్రుతిలో ఎత్తుకున్నాడు, నేను నా శ్రుతిలో ఎత్తుకున్నాను. పాతవాళ్ళు అతని వెంట, కొత్తవాళ్ళు నా వెంట. మొదటి పాదమే సంతలో గోలలా తయారైంది. ఆపి, మళ్ళీ మొదలుపెట్టాం. మళ్ళీ అంతే. మద్దిలేటన్న కళ్ళు తుడుచుకుంటూ, "సులోచనమ్మా, ఈ ఒక్క తూరి నువ్వు దిగు మ్మా" అన్నాడు. దిగుదామనే చూశాను. రాలేదు. "నువ్వే ఎక్కన్నా" అన్నాను. అతనూ ప్రయత్నించాడు. గొంతు చీలిపోయింది.

ఇన్నాళ్ళూ మేమిద్దరం ఒకే స్టేజీ మీద, ఒకే సీనులో, ఎవరి శ్రుతిలో వాళ్ళం పాడి చప్పట్లు కొట్టించుకున్నాం. ఒకరికొకరు సర్దుకుపోయామనే అనుకున్నాం. నేను ఎన్నడూ దిగలేదు. అతను ఎన్నడూ ఎక్కలేదు. మా ఇద్దరి కోసం దిగిందీ ఎక్కిందీ ఆయనొక్కరే. ఆ పద్యం మేము పాడలేకపోయాం.